ఎనిమిది వారముల బడి

1946 వ సంవత్సరము జూలై 8 వ తేదీన, అమెరికా దేశమున ఫిలడెల్ఫియా నగరమందలి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు అంగమైన మూర్ స్కూలు అను ఎలక్ట్రికల్ ఇంజనీరింగు కళాశాలలో ఒక చిన్న తరగతి ప్రారంభమైనది. అందు చేరినవారు 28 మంది. వారిలో బడియీడు పిల్లలెవ్వరును లేరు. కొందరు విశ్వవిద్యాలయములకు చెందినవారు, కొందరు సైనిక నౌకాదళ పరిశోధనశాలలలో ఉద్యోగులు, మరికొందరు పెద్ద పరిశ్రమలలో ఆరితేరిన ఇంజనీరులు. పిలుపు వచ్చినవారికే గాని అన్యులకు ప్రవేశము లేదు. ఎనిమిది వారముల కాలములో 48 ఉపన్యాసములు జరిగినవి. ఆగస్టు 31 వ తేదీతో బడి మూతపడినది. అది పట్టమిచ్చు చదువు కాదు, కొలువిచ్చు చదువును కాదు. అయినను, నేడు మన ఇండ్లలోను బ్యాంకులలోను రైల్వే స్టేషనులలోను పనిచేయుచున్న కంప్యూటరుల వంశక్రమమును వెదకికొనుచు వెనుకకు నడచినచో, ఆ వేసవి తరగతి గడపకడకు వచ్చి చేరక తప్పదు.

మన ఆఫీసులలో షార్టు కోర్సు అను మాట వినని ఇంజనీరు ఉండడు. ఐదు దినములో పది దినములో ఒక మాసమో పని నుండి సెలవు పొంది, ఒక విశ్వవిద్యాలయమందో శిక్షణాలయమందో కూర్చుండి, ఏదో యొక క్రొత్త విషయమును విని వచ్చుట; ఇంతకుమించి దానినిగూర్చి పలువురు తలంపరు. నాలుగేండ్లు చదివి పుచ్చుకొనిన పట్టమునకు ఇది అనుబంధమాత్రమని వారి భావము. నా అభిప్రాయము వేరు. నాలుగేండ్ల చదువు స్థిరపడిన విద్యను నేర్పును. పాఠ్యగ్రంథములకెక్కి, తరతరముల పరీక్షలకు నిలిచి, సందేహమునకు తావు లేకుండ పోయిన విషయములను అది క్రమముగ బోధించును. అట్లే బోధింపవలెను కూడ. కాని ఒక విద్య ఇంకను పుట్టుచున్న దశలో, దాని గ్రంథములు వ్రాయబడక, దాని పరిభాష కుదురుకొనక, దానిని సృష్టించుచున్నవారే తమలో తాము వాదులాడుకొనుచున్న సమయములో, దానిని పనిచేయువాని చేతినుండి మరియొక పనిచేయువాని చేతికి అందించుటకు వేరొక విధమైన బడి కావలెను. గడచిన నూరేండ్లలో యంత్రశాస్త్రమందును గణనశాస్త్రమందును ఈ కార్యమును పలుమారులు నెరవేర్చినవి ఇట్టి స్వల్పకాలిక శిక్షణలే.

ఆ వేసవిలో మూర్ స్కూలునకు అంతటివారు ఏల వచ్చిరో తెలియుటకు కొంత పూర్వగాథ చెప్పవలెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా సైన్యమునకు ఫిరంగి పట్టికలు అత్యవసరమయ్యెను. గుండును ఏ కోణమున విడిచిన ఎంత దూరమున పడునో, గాలి వేగమును బట్టి, వాతావరణ సాంద్రతను బట్టి ఆ దూరము ఎట్లు మారునో లెక్కకట్టి అచ్చువేసిన పట్టిక లేనిదే ఎంత గొప్ప ఫిరంగియైనను నిరుపయోగము. ఆ లెక్కలకై మూర్ స్కూలులో డిఫరెన్షియల్ అనలైజరు అను యంత్రముండెను. అది ఇరుసులతోను, పండ్లచక్రములతోను, తిరుగు పళ్లెములపై దొరలు సన్నని చక్రములతోను కూడిన పూర్తి యాంత్రిక సాధనము; ఆ కదలికల మూలముననే అది అవకలన సమీకరణములను సాధించుచుండెను. ఇంగ్లండులో డగ్లస్ హార్ట్రీ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి యంత్రమునకు నమూనాను పిల్లలాడుకొను మెకానో ముక్కలతో మాంచెస్టరునందు నిర్మించి, దానితో నిజమైన పరమాణు గణనములను చేసి చూపెను. కావున కంప్యూటరు పుట్టినది మెకానికల్ ఇంజనీరు ఇంటనే అనినచో అతిశయోక్తి కానేరదు.

యాంత్రిక సాధనముల వేగము యుద్ధావసరమునకు చాలలేదు. జాన్ మాక్లీ, ప్రెస్పర్ ఎకర్ట్ అను ఇరువురి నాయకత్వమున అదే కళాశాలలో ఎనియాక్ అను ఎలక్ట్రానిక్ యంత్రము తయారై, 1946 ఫిబ్రవరిలో లోకమునకు ప్రకటింపబడెను. సుమారు 18,000 వాల్వులు, ఇంచుమించు 30 టన్నుల బరువు, సెకనునకు 5,000 కూడికలు. ఇంతటి యంత్రమునకును ఒక పెద్ద లోపముండెను. ఒక లెక్కనుండి మరియొక లెక్కకు మరలవలెనన్నచో తీగలను ఊడబెరికి వేరుచోట్ల గ్రుచ్చి, మీటలను మార్చి, దినములకొలది శ్రమింపవలసియుండెను. ఈ బాధనుండియే ఎడ్వాక్ అను తరువాతి యంత్రము యొక్క ఊహ పొడమెను. చేయవలసిన పనికి సంబంధించిన ఆజ్ఞలను కూడ అంకెల రూపముననే యంత్రము జ్ఞాపకములో ఉంచినచో, అది తన ఆజ్ఞలను తానే చదువుకొనుచు పోగలదు. పని మార్చుటకు తీగలను ముట్టనక్కరలేదు, జ్ఞాపకములోని ఆజ్ఞలను మార్చిన చాలును. నేటి ప్రతి కంప్యూటరునకును ఇదియే ప్రాణము. ఈ భావమును జాన్ వాన్ న్యూమన్ 1945 జూన్ 30 వ తేదీ వేసిన ఒక నివేదికలో వివరించెను గాని, ఆ నివేదిక ప్రతులు కొద్దిమందికే చేరినవి. అంగడిలో కొనదగిన గ్రంథమొక్కటియు లేదు. తెలిసినవారిలో పెక్కురు ఆ కళాశాలను ఆశ్రయించుకొనియే ఉండిరి. తెలిసికొనగోరువారు అచ్చటికే పోవలసియుండెను.

ఆజ్ఞలను జ్ఞాపకములో ఉంచవలెనని చెప్పుట సులభమే, ఉంచుట ఎట్లు? దీనికి ఎకర్ట్ చూపిన ఉపాయము యంత్రశాస్త్ర గణనశాస్త్రములకు గల బంధుత్వమును చక్కగ తెలుపును. పొడవైన గొట్టమును పాదరసముతో నింపి దాని రెండు చివరలయందు స్ఫటికపు బిళ్లలను బిగింతురు. విద్యుత్ స్పందనము తగిలినంతనే మొదటి బిళ్ల అదరును. ఆ అదురు ధ్వనితరంగమై పాదరసములో ప్రయాణించును. పాదరసములో ధ్వనివేగము సెకనునకు సుమారు 1,450 మీటర్లు. కావున మీటరున్నర గొట్టమును దాటుటకు దానికి సెకనులో ఇంచుమించు వేయవవంతు కాలము పట్టును. ఎలక్ట్రానిక్ సాధనములకు అది మిక్కిలి దీర్ఘకాలము. ఆ వ్యవధిలో వందలకొలది స్పందనములు ఒకదానివెంట నొకటి గొట్టములోనికి ప్రవేశింపగలవు. రెండవ చివరనున్న బిళ్ల ఆ తరంగములను మరల విద్యుత్తుగ మార్చును. దారిలో క్షీణించిన స్పందనములను వాల్వులు బలపరచి, రూపు దిద్ది, తిరిగి మొదటి చివరకు పంపును. మన వీధిబడులలో పిల్లవాడు ఎక్కమును మరచిపోకుండుటకై ఎడతెగక వల్లెవేసినట్లు, ఆ యంత్రము తనలోని అంకెలను సెకనునకు వేయిమారులు వల్లెవేసికొనుచుండును, ఆపిన మరచిపోవును. గొట్టము వేడెక్కిన ధ్వనివేగము మారి లెక్క తప్పును. బిళ్లలు రెండును సమాంతరముగ లేకున్న తరంగము చెదరును. ధ్వనిశాస్త్రము, లోహపుపని, కొలతలలోని సూక్ష్మత, ఉష్ణోగ్రతను నిలుకడగ ఉంచు నేర్పు, వీనిలో ఏ యొక్కటి లోపించినను కంప్యూటరునకు జ్ఞాపకము లేదు. ఇట్టి సంగతి ఆనాడు ఏ పాఠ్యగ్రంథమందును లేదు. చేసి చూచినవాడు ఎదుట నిలిచి చెప్పవలెను; విన్నవాడు వెంటనే లేచి, పాదరసము వేడెక్కినచో ఏమి చేయుదురని అడుగవలెను.

చెప్పినవారును సామాన్యులు కారు. ఎకర్ట్, మాక్లీలతో పాటు హెర్మన్ గోల్డ్‌స్టైన్, ఆర్థర్ బర్క్స్, హార్వర్డునుండి హోవర్డ్ ఐకెన్, బెల్ పరిశోధనశాలలో రిలేలతో గణనయంత్రములను నిర్మించిన జార్జి స్టిబిట్జ్, ఇంగ్లండునుండి పైన చెప్పిన హార్ట్రీ ఆ వేసవిలో బోధకులైరి. పేటెంటు హక్కుల విషయమున అధికారులతో పొసగక ఎకర్ట్, మాక్లీలు ఆ మార్చి నెల చివరనే కళాశాల కొలువును వదలిపోయియుండిరి; అయినను బోధించుటకు మరల వచ్చిరి. ఉదయమున ఉపన్యాసములు, మధ్యాహ్నమున చర్చలు. నిర్వాహకులు ఎనియాక్‌ను అప్పటికే పాతబడిన యంత్రముగ నెంచి పాఠక్రమములో చేర్చలేదు. పనిచేయుచున్న యంత్రము అదే భవనములో నుండగా, ఇంకను నిర్మింపబడని యంత్రమును గూర్చి మాత్రమే వినుట విద్యార్థులకు నచ్చలేదు. వారు పట్టుబట్టగా ఎనియాక్ పాఠములు కూడ చేర్చవలసివచ్చెను. ఈ చిన్న సంఘటన నాకు మిక్కిలి విలువైనదిగ తోచును. పాఠక్రమమును మార్పించగల విద్యార్థి, తనకేమి కావలెనో తెలిసి వచ్చిన విద్యార్థి. పదునెనిమిదేండ్ల బాలుడు అట్లడుగజాలడు. ఇంటికి పోయి యంత్రమును కట్టవలసిన బాధ్యత నెత్తిపై నున్నవాడు అడుగకుండ నుండజాలడు.

అట్టి బాధ్యతను మోసికొని వచ్చినవారిలో ఒకరు మారిస్ విల్క్స్. ఆయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో గణిత ప్రయోగశాలకు అధిపతి. 1946 మే నెలలో ఎల్. జె. కామ్రీ అను గణనశాస్త్రజ్ఞుడు అమెరికానుండి తిరిగివచ్చుచు ఎడ్వాక్ నివేదిక ప్రతి నొకదానిని వెంట దెచ్చి, ఒక్క రాత్రికి ఆయన చేతబెట్టెను. కాగితము పెట్టిన క్షణములో నకలు తీయు యంత్రములు లేని కాలమది. విల్క్స్ రాత్రియంతయు మేల్కొని దానిని చదివెను. కొన్నాళ్లకు మూర్ స్కూలునుండి ఆహ్వానము తంతిరూపమున వచ్చెను. యుద్ధానంతర దినములు గనుక ఓడలలో చోటు దొరకుట దుర్లభమైయుండెను. ఆయన ఫిలడెల్ఫియా చేరునప్పటికి ఆగస్టు నెల సగము గడచిపోయెను, బడి ముగియుటకు ఇంచుమించు రెండు వారములే మిగిలెను. ఆ రెండు వారములే చాలినవి. తిరుగు ప్రయాణమున క్వీన్ మేరీ ఓడలోనే ఆయన తన యంత్రము యొక్క రూపమును గీయనారంభించెను. 1949 మే 6 వ తేదీన, సుమారు 3,000 వాల్వులతోను పాదరసపు గొట్టములతోను కూడిన ఎడ్శాక్ అను ఆ యంత్రము వర్గసంఖ్యల పట్టికను లెక్కకట్టి అచ్చొత్తెను. బోధించిన కళాశాల తలపెట్టిన ఎడ్వాక్ పనిచేయ మొదలిడునప్పటికి 1951 వ సంవత్సరము వచ్చెను.

రెండు వారములలో ఇంత ఎట్లు సాధ్యమాయెనని ఆశ్చర్యపడవచ్చును. విల్క్స్ యుద్ధమునకు పూర్వమే కేంబ్రిడ్జిలో డిఫరెన్షియల్ అనలైజరుతో పనిచేసియుండెను. యుద్ధకాలమున రాడారు పరిశోధనలో పాల్గొని విద్యుత్ స్పందనముల నడవడిని చేతులార ఎరిగియుండెను. ప్రయోగశాల యున్నది, పనివారున్నారు, లెక్కలకై ఎదురుచూచుచున్న శాస్త్రజ్ఞులు ప్రక్క భవనములలో నున్నారు. లేనిదల్లా యంత్రనిర్మాణమునకు స్పష్టమైన ఒక త్రోవ. అది ఫిలడెల్ఫియాలో దొరకినది. అన్నిటికంటె వేగముగల యంత్రమునకై ఆయన ప్రాకులాడలేదు. త్వరగా పూర్తియై నలుగురికి ఉపయోగపడు యంత్రమే కావలెనని నిశ్చయించుకొనెను. స్వల్పకాలిక శిక్షణ ఫలించుటకు కావలసిన నేలయెట్టిదో ఇందు కనబడుచున్నది. ఆ ఉపన్యాసములు ఆ 28 మందికొరకును ఏర్పడినవే. వారిలో తిరిగిపోయి యంత్రమును కట్టినవారు కొందరే.

విల్క్స్ తాను పొందినదానిని తనయొద్దనే ఉంచుకొనలేదు. 1950 నుండి కేంబ్రిడ్జిలో ప్రోగ్రాములు వ్రాయు విద్యను నేర్పుటకు వేసవి బడులు మొదలైనవి. 1951 లో విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ కలిసి ఆ విద్యపై గ్రంథమునే ప్రకటించిరి. అదే యేట సెప్టెంబరులో మూడు వారముల తరగతికి హాలండునుండి ఒక యువకుడు వచ్చెను. లైడెన్ విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రము చదువుచున్న ఆ యువకునకు ఈ తరగతిని గూర్చిన ప్రకటనను చూపి పంపినవాడు అతని తండ్రి. ఆ యువకుని పేరు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. మరుసటి సంవత్సరమే ఆమ్‌స్టర్‌డామ్ గణితకేంద్రములో అతడు ప్రోగ్రామరుగ చేరెను. రెండు ఊళ్ల నడుమ అతి దగ్గరి దారిని కనుగొను పద్ధతిని తరువాత అతడే నిర్మించెను. నేడు ఫోనులోని పటము మనకు దారి చూపుట వెనుక ఆ పద్ధతియు, దానినుండి పెరిగిన పద్ధతులును ఉన్నవి. 1967 లో విల్క్స్‌కు, 1972 లో డైక్‌స్ట్రాకు గణనశాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారము లభించెను.

యంత్రశాస్త్రమున ఈ ఆచారము ఇంకను పాతది. మన ఇంజనీరింగు కళాశాలలలో చదివినవారెవ్వరికిని టిమోషెంకో అను పేరు క్రొత్త కాదు. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ అను ఆయన గ్రంథము మన విద్యార్థుల బల్లలపై తరముల తరబడి నిలిచియున్నది. యుక్రెయిన్ దేశములో 1878 లో పుట్టి, రష్యా విప్లవానంతరము స్వస్థలము విడిచి, 1922 లో అమెరికా చేరిన స్టీఫెన్ టిమోషెంకో వెస్టింగ్‌హౌస్ కంపెనీలో పనిచేసెను. అచ్చటి యువ ఇంజనీరులు గొప్ప యంత్రములను రూపొందించుచున్నను, అవి ఏల అదరునో, ఏల విరుగునో విచారించుటకు కావలసిన గణితము వారికి చాలినంత లేదని గ్రహించి, వారికి స్థితిస్థాపక సిద్ధాంతమును బోధించెను. 1927 లో మిచిగన్ విశ్వవిద్యాలయమునకు మారిన పిమ్మట, ఆన్ ఆర్బర్ పట్టణమున 1929 నుండి వేసవులయందు మెకానిక్స్ బడిని నడపించెను. జర్మనీనుండి లుడ్విగ్ ప్రాండ్టిల్ వంటి మహాచార్యులు అచ్చటికి వచ్చి ఉపన్యసించిరి. విమానపు రెక్కను ఒరసికొనిపోవు సన్నని గాలిపొర యొక్క స్వభావమును తొలుత వివరించిన ప్రాండ్టిల్ నోటినుండియే ఆ విషయమును వినగల భాగ్యము ఒక అమెరికన్ కళాశాల ఉపాధ్యాయునికి ఇట్టి బడి వలననే గదా కలిగినది.

ఈ ఆచారమునకు ఒక స్థిరమైన ఇల్లు ఇటలీలో ఏర్పడినది. ఆ దేశపు ఈశాన్యమూలన, ఆస్ట్రియాకును ఆనాటి యుగోస్లావియాకును చేరువలో ఉడినే అను పట్టణము కలదు. అందు 1968 లో, లూయిజి సోబ్రేరో అను ఆచార్యుని ప్రయత్నమున అంతర్జాతీయ యంత్రశాస్త్ర కేంద్రము వెలసెను. పలాజో దెల్ తోర్సో అను పాత సౌధము దాని నివాసము. ఐరోపా రెండు శిబిరములుగ చీలి, తూర్పు దేశముల శాస్త్రజ్ఞులు పడమటివారితో కలిసికొనుటకే అవకాశము అరుదైన కాలమది. అట్టి సమయమున ఈ సరిహద్దు పట్టణము ఉభయులకు కూడలియయ్యెను. పోలండు దేశీయుడైన వాత్స్‌వావ్ ఓల్షాక్ ఆ కేంద్రమునకు రెక్టరుగ నుండెను. అచ్చట వారమునకొక విషయము: ఆ విషయమున నిష్ణాతులైన ఐదారుగురు బోధకులు, వివిధ దేశములనుండి వచ్చిన యువ పరిశోధకులు, ఇంజనీరులు. సోమవారము మొదలు శుక్రవారము వరకు పగలంతయు పాఠములు, నడుమ భోజనముల బల్లలయొద్ద ప్రశ్నలు.

ఉడినే కేంద్రము పేరున యంత్రశాస్త్రము మాత్రమే యున్నను, ఆరంభదశయందే అది గణన సమాచార శాస్త్రములకు తలుపు తెరచినది. 1970 లో రాబర్ట్ గాలగర్ సమాచార సిద్ధాంతమును, ఎల్విన్ బెర్లెక్యాంప్ సంకేతముల బీజగణితమును అచ్చట బోధించిరి. పంపిన వార్తలో దారిలో దొరలిన తప్పులను చేరినచోట కనిపెట్టి దిద్దుకొనుటయే ఆ విద్య యొక్క సారము. గాలగర్ తన యౌవనమున పరిశోధనవ్యాసములో ప్రతిపాదించిన సంకేతములు నేడు ఐదవ తరము మొబైలు ఫోనులలో వాడుకలోనున్నవి. అదే 1970 లో పోలండు నుండి విటోల్డ్ నొవాట్స్కి ఘనపదార్థముల సూక్ష్మనిర్మాణమును బట్టి స్థితిస్థాపకత ఎట్లుండునో అచ్చట వివరించెను. 1973 లో రోబోట్ల సిద్ధాంతమునకును నిర్మాణమునకును సంబంధించిన ప్రథమ అంతర్జాతీయ గోష్ఠి ఆ పట్టణముననే జరిగెను. ఇనుప చేతిని కదలించు విద్య, ఆ కదలికను లెక్కించు విద్య ఒకే కప్పు క్రింద కూర్చుండవలెనని ఆనాడే తెలిసికొనినవారు ధన్యులు. వీనికంటె గొప్ప ఉపకారము మరియొకటి కలదు: అచ్చటి పాఠములను అచ్చువేయుట. ఆ గ్రంథమాల సంపుటములు ఐదువందలకు మించినవి. ఉడినేకు పోజాలని విద్యార్థి కూడ గ్రంథాలయమున కూర్చుండి ఆ వారమును అనుభవింపవచ్చును.

ఈ రెండు శాస్త్రములను ఒక్కచోట నేర్పవలసిన అగత్యము నేడెంత పెరిగినదో ఒక ఉదాహరణము చెప్పెదను. హైదరాబాదు చెంత రామచంద్రాపురములోని కర్మాగారమువంటి చోట ఆవిరి టర్బైనులు తయారగును. ఆ టర్బైనులో ఒక్కొక్క రెక్కకును తనదైన సహజ కంపన సంఖ్య ఉండును. టర్బైను తిరుగుడువలన కలుగు కుదుపులు ఆ సంఖ్యతో సరిపడినచో రెక్క అంతకంతకు హెచ్చుగ అదరి, అలసి, తుదకు విరుగును. వంపులు తిరిగిన రెక్క యొక్క కంపన సంఖ్యను చేతిలెక్కతో కట్టుట అసాధ్యప్రాయము. అందుచేత దానిని వేలకొలది చిన్న చిన్న ఖండములుగ భావించి, ఒక్కొక్క ఖండమునకు సమీకరణములు వ్రాసి, అన్నిటిని కలిపి కంప్యూటరుచేత సాధింపజేయుదురు. ఈ పద్ధతికి ఫైనైట్ ఎలిమెంట్ అను పేరు 1960 లో రే క్లఫ్ అను అమెరికన్ ఇంజనీరు పెట్టినది. నేడు ఆ లెక్కనంతయు ఒక సాఫ్ట్‌వేరు క్షణములలో చేసి, ఎరుపు పసుపు నీలి రంగులతో చక్కని చిత్రమును తెరపై చూపును. ఇరువదియేండ్ల క్రిందట పరీక్షకొరకు కంపనశాస్త్రమును చదివిన ఇంజనీరు ఆ చిత్రమును నమ్మవలెనా, వలదా? రెక్క వేరు బిగింపబడినచోట అతడు యంత్రమునకు చెప్పిన షరతు సరియైనదేనా? ఖండములు ఇంకను చిన్నవి చేసిన జవాబు మారునా? ఈ ప్రశ్నలను అడుగగలుగుటకు అతడు మరల నాలుగేండ్లు కళాశాలకు పోజాలడు, ఒక వారము పోగలడు. ఆ వారములో బోధకుడు నేర్పవలసినది మీటలు నొక్కుట కాదు, చిత్రమును శంకించుట.

మూర్ స్కూలు విద్య మన దేశమునకు చేరిన త్రోవలలో ఒకటి నేరుగా కాన్పూరునకు వచ్చినది. కలకత్తాలోని గణాంక సంస్థలోను బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలోను అంతకుముందే కంప్యూటరులు పనిచేయుచుండెను గాని, దేశమంతట వానిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. 1959 లో నెలకొనిన కాన్పూరు ఐఐటీకి తొమ్మిది అమెరికన్ విశ్వవిద్యాలయములు తోడ్పడుచుండెను. ఆ తోడ్పాటువలన 1963 ఆగస్టులో ఐబీఎమ్ 1620 అను కంప్యూటరు అచ్చటికి వచ్చెను. దానితో వచ్చిన ఆచార్యులలో ముఖ్యుడు హ్యారీ హస్కీ. ఈయన యౌవనమున మూర్ స్కూలులో ఎనియాక్ నిర్మాణమున పాల్గొనినవాడు. తరువాత ఇంగ్లండులో ఆలన్ ట్యూరింగ్ తలపెట్టిన యంత్రము కడ ఒక సంవత్సరము పనిచేసినవాడు. ఆయనయు, ప్రిన్స్‌టన్ నుండి వచ్చిన ఫోర్మన్ ఆక్టన్ మొదలగువారును, ఆ కంప్యూటరును తమ విద్యార్థులకే పరిమితము చేయలేదు. దేశము నలుమూలలనుండి శాస్త్రజ్ఞులను, ఇంజనీరులను, కళాశాల ఉపాధ్యాయులను పిలిచి, పది దినముల చొప్పున ప్రోగ్రామింగు తరగతులు నడపిరి. వచ్చినవారిలో అధికసంఖ్యాకులు అంతవరకు కంప్యూటరును కంటితో చూచియెరుగనివారు. ఫోర్ట్రాన్ భాషలో ప్రోగ్రాము వ్రాసి, కార్డులపై రంధ్రములు పొడిపించి, యంత్రమున కందించి, వచ్చిన జవాబులో తప్పును వెదకికొని మరల వ్రాయుట. పది దినములలో ఇంతవరకు వచ్చి, తమ తమ ఊళ్లకు పోయి, యంత్రము లేకున్నను దాని ఉపయోగమును తెలిసినవారైరి. తరువాతి యేండ్లలో వారి సంస్థలకు కంప్యూటరులు వచ్చినపుడు వానికి పని చెప్పుటకు మనుష్యులు సిద్ధముగ నుండిరి.

ఆ తరగతులలో బోధించినవారిలో అప్పటికి యువకుడైన వి. రాజారామన్ కూడ నుండెను. చెప్పిన పాఠములే మొదట రోనియో కాగితములుగ, తరువాత ప్రిన్సిపుల్స్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్ అను గ్రంథముగ రూపొందినవి. విద్యార్థి కొనగల ధరకే దానిని అమ్మవలెనని ఆయన పట్టుబట్టెను. విదేశీ గ్రంథములు ఖరీదుచేత అందరాని ఆ రోజులలో, ఆయన గ్రంథములు మన తెలుగుదేశపు కళాశాలల వరకును చేరినవి. కంప్యూటరు లేని ఊళ్లలో కూడ విద్యార్థులు కాగితముపై ప్రోగ్రాములు వ్రాసి అభ్యసించిరి. పది దినముల పాఠము ఆ కాగితములవలననే ఒక తరమునకు పాఠమైనది.

ఇప్పుడు మనకు అవకాశములకు కొరతలేదు. హైదరాబాదులో ఇంజనీరుల సంస్థవారు 1981 లో స్థాపించిన ఇంజనీరింగ్ స్టాఫ్ కాలేజి గచ్చిబౌలి ప్రాంతమున పనిలోనున్న ఇంజనీరులకు శిక్షణ నిచ్చుచున్నది. ఐఐటీలును బెంగుళూరు విజ్ఞానసంస్థయు కలిసి 2003 నుండి నడపుచున్న ఎన్‌పీటెల్ ఉపన్యాసములను ఎవ్వరైనను ఇంట కూర్చుండి ఉచితముగ వినవచ్చును. 2014 నుండి నాలుగు, ఎనిమిది, పండ్రెండు వారముల కోర్సులుగ వానిని చదివి, పరీక్షాకేంద్రమునకు పోయి వ్రాసి, యోగ్యతాపత్రమును పొందవచ్చును. 2015 లో మొదలైన జ్ఞాన్ పథకము క్రింద విదేశీ ఆచార్యులు వచ్చి మన విద్యాసంస్థలలో ఒకటి రెండు వారములు బోధించుచున్నారు. శ్రీకాకుళములోనో ఆదిలాబాదులోనో పనిచేయు యువ ఇంజనీరునకు విల్క్స్‌వలె ఓడలో చోటుకై ఎదురుచూడవలసిన పని లేదు.

అయినను నా మనస్సునకు బాధ కలిగించు సంగతి ఒకటి కలదు. ఉద్యోగోన్నతికి ఇన్ని కోర్సులు, జీతపు మెట్టునకు ఇన్ని పత్రములు అను లెక్క వచ్చిన పిమ్మట, పెక్కు శిక్షణలు హాజరుపట్టీపై సంతకముతో మొదలై బృందచిత్రముతో ముగియుచున్నవి. ఒక సాఫ్ట్‌వేరులో ఏ మీట ఎచ్చటనున్నదో చెప్పుటతోనే వారము గడచిపోవును. ఆ సాఫ్ట్‌వేరు మారినంతనే ఆ విద్యయు మాసిపోవును. పంపిన సంస్థ కూడ తిరిగివచ్చినవానిని ఏమి నేర్చితివని అడుగదు, నేర్చినదానిని ప్రయోగించుటకు వానికి పనియు నప్పగింపదు. కేంబ్రిడ్జిలో విల్క్స్‌కు ప్రయోగశాల లేకయుండినచో మూర్ స్కూలు పాఠములు ఆయనకేమి చేసెడివి?

కావున శిక్షణకు పంపు అధికారులకును, పోవు ఇంజనీరులకును నేను చెప్పగోరునది చాల సామాన్యమైనది. కోర్సు ప్రకటనలో చూడవలసినది బోధకుని బిరుదములు కాదు, ఆయన ఆ విషయమున స్వయముగ ఏమి నిర్మించెనో, ఏ చిక్కును విప్పెనో చూడవలెను. పోవునపుడు తన కర్మాగారములో తీరని చిక్కు నొకదానిని, కొలతలతోను పటములతోను సహా సంచిలో పెట్టుకొని పోవలెను. మొదటి దినముననే దానిని బోధకుని ముందు పరచవలెను. నిర్వాహకులు మధ్యాహ్నములను ఉపన్యాసములతో నింపక ప్రశ్నలకు వదలిపెట్టవలెను. ముగిసిన పిమ్మట పాఠములను వ్రాతరూపమున, వీలైనచో తెలుగులో కూడ, అచ్చువేసి పాలిటెక్నికుల గ్రంథాలయములకు పంపవలెను. మూర్ స్కూలు ఉపన్యాసములలో పెక్కింటిని తీగపై ధ్వనిని నిలుపు యంత్రముతో ఆనాడే పట్టి, వ్రాసి, సంపుటములుగ వెలువరించిరి. 1985 లో అవి మరల అచ్చయినవి. పాదరసపు గొట్టము వేడెక్కినపుడు ఏమి చేయవలెనో తెలిసికొనగోరువారు నేటికిని వానిని తెరచి చదువుకొనవచ్చును.